అగ్గి తెగులు శిలీంధ్రములు – వాని జాతి నిర్ణయము

వరి పండించు రైతులలో అగ్గి తెగులును ఎరుగనివారు అరుదు. రాత్రులు చల్లబడి, మంచు కురిసి, ఆకులపై తడి చాలసేపు నిలిచియుండు దినములలో ఆకులమీద నూలుకండె ఆకారముగల మచ్చలు బయలుదేరును. మచ్చ నడుమ బూడిద రంగుగాను, అంచు ముదురు గోధుమ రంగుగాను ఉండును. తెగులు ముదిరినకొలది మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, చేను నిప్పంటుకొని మాడినట్లు కనబడును. అందుచేతనే మనవారు దీనిని అగ్గి తెగులనిరి. వెన్ను క్రింద సోకినచో మెడ నల్లబడి విరిగి, గింజలు తాలుపోవును, అది మెడవిరుపు. నత్రజని ఎరువు మోతాదు మించిన చేలలోను, సాంబ మసూరి వంటి తట్టుకొనలేని రకములలోను ఈ తెగులు విజృంభించును.

రాగి పైరులోను ఇట్టి మచ్చలే కలవు. అక్కడను వెన్ను మెడ నల్లబడును, వ్రేళ్ళవంటి కంకులు ఎండిపోవును. కొర్ర ఆకులపై కూడ మచ్చలు పడును. చేని గట్లపై పెరుగు కొన్ని గడ్డి జాతులను వెదకినచో వానిమీదను అట్టివే అగుపించును. వరికైనను, రాగికైనను, కొర్రకైనను రైతు పెట్టిన పేరు ఒక్కటే. మరి ఈ తెగులు కలిగించు శిలీంధ్రమును ఒక్కటేనా?

ప్రశ్న చూచుటకు చిన్నదే. కాని దీని సమాధానముపై పెద్ద సంగతులు ఆధారపడియున్నవి. శిలీంధ్రము ఒక్కటే అయినచో గట్టుమీది గడ్డినుండి వరికి, వరినుండి రాగికి తెగులు ప్రాకవచ్చును. గట్లను శుభ్రపరచుట తెగులు నివారణలో మొదటి పని అగును. వేర్వేరు అయినచో ఆ శ్రమవలన ఈ తెగులు విషయమున ఒరుగునది లేదు. తెగులును తట్టుకొను రకములను రూపొందించువారు ఏ శిలీంధ్రముతో పరీక్షింపవలెను? ఓడరేవులలో ధాన్యమును తనిఖీ చేయువారు దేనిని అడ్డగింపవలెను? ఇవన్నియు శిలీంధ్రముయొక్క పేరునుబట్టియే నిర్ణయమగును. వర్గీకరణ మనగా పుస్తకములలో లాటిను పేర్లు మార్చుకొనుచు కాలక్షేపము చేయుట యని విద్యార్థులలో ఒక అపోహ కలదు. దానికి వర్గీకరణ శాస్త్రజ్ఞులును కొంత బాధ్యులే. కాని ఈ శిలీంధ్రముల కథ చదివినవారికి ఆ అపోహ నిలువదు.

సూక్ష్మదర్శిని గల పాఠశాలలో ఈ శిలీంధ్రమును చూచుట కష్టము కాదు. మచ్చలున్న ఆకు ముక్కలను, తడిపిన అద్దుడు కాగితము పరచిన గాజు పళ్ళెములో ఉంచి, మూతపెట్టి ఒక రాత్రి వదలవలెను. తెల్లవారునప్పటికి మచ్చలపై బూడిద రంగు నూగు లేచును. ఆ నూగును సూదితో తీసి, గాజు పలకపై నీటిబొట్టులో ఉంచి చూచినచో బేరిపండు ఆకారముగల సిద్ధబీజములు గుంపులుగా కనబడును. ఒక్కొక్క బీజములో రెండు అడ్డుగోడలు, మూడు కణములు ఉండును. ఒక కొన మొద్దుగాను, రెండవ కొన సన్నముగాను ఉండును. పొడవు రమారమి 20 నుండి 25 మైక్రానులు. అనగా 40 బీజములను కొనకు కొన చేర్చి పేర్చినను ఒక మిల్లీమీటరుకు అటునిటుగా ఉండును. లాటిను భాషలో బేరిపండునకున్న పేరునుండియే ఈ ప్రజాతికి పిరిక్యులేరియా అను పేరు వచ్చినది.

ఈ చిన్న బీజము గట్టియైన వరియాకును ఎట్లు ఛేదించునో కొంచెము చెప్పవలసియున్నది. ఆకుపై తడిలో పడిన బీజము తన కొననుండి ఒక జిగురును విడిచి అంటుకొనును. కొన్ని గంటలలో చిన్న మొలక తీసి, ఆ మొలక చివర గుండ్రని బుడిపె నొకదానిని కట్టును. బుడిపె గోడలో మెలనిన్ అను నల్లని రంగు పదార్థము పొరగా ఏర్పడును. ఈ పొర నీటిని లోనికి రానిచ్చును గాని, లోన కరిగియున్న గ్లిసరాల్ వంటి పదార్థములను బయటికి పోనీయదు. అందుచే లోన ఒత్తిడి పెరిగి పెరిగి 80 వాతావరణ పీడనముల వరకు పోవును. కారు చక్రములోని గాలి ఒత్తిడికిది 30 రెట్లకు మించినది. ఆ బలముతో బుడిపె అడుగునుండి సన్నని మేకువంటి తంతువు ఆకు పొరను చీల్చుకొని లోపల ప్రవేశించును. మెలనిన్ తయారీని ఆపు మందులు అగ్గి తెగులును నివారించుటకు కారణ మిదియే. ఆ మందులు శిలీంధ్రమును చంపవు, దాని సమ్మెటను మాత్రము లాగికొనును. ఆకులోనికి చొచ్చిన తరువాత చల్లినచో అవి అంతగా పనిచేయవు.

ఇక అసలు విషయము. వరి ఆకునుండి ఒక పలకను, రాగినుండి ఒక పలకను, డిజిటేరియా అను కలుపు గడ్డినుండి ఒక పలకను తయారుచేసి, పేర్లు వ్రాయకుండ కలిపివేసినచో, ఏది దేనినుండి వచ్చినదో ఆరితేరిన శాస్త్రజ్ఞుడైనను చెప్పలేడు. బీజముల పొడవు వెడల్పులను కొలిచినను లాభము లేదు. ఒకే శిలీంధ్రపు బీజముల కొలతలు గాలిలోని తేమనుబట్టి, వయస్సునుబట్టి, పెంచిన ఆహారమునుబట్టి మారుచుండును.

అన్ని శిలీంధ్రముల సంగతి ఇట్లు కాదు. గడ్డిజాతి పైరులపై మరియొక పెద్ద గుంపు కలదు; ఒకప్పుడు దానినంతటిని హెల్మింథోస్పోరియమ్ అనుచుండిరి, అనగా పురుగువంటి బీజములు గలది. ఆ పేరునకు మూలమైన శిలీంధ్రము చచ్చిన పుల్లలపై బ్రతుకునది. పైరులమీది వానికి దానితో దగ్గరి చుట్టరికము లేదు. కావున వానిని విడదీసిరి. బీజములోని ఏ కణమునుండియైనను మొలక తీయునవి డ్రెక్స్‌లెరా (1930), రెండు కొనలనుండి మాత్రము మొలక తీయునవి బైపొలారిస్ (1959), బీజపు మొదట ముక్కువలె పొడుచుకొనివచ్చిన తొడిమ మచ్చ గలవి ఎక్సెరోహైలమ్ (1974). వరిలో గోధుమ రంగు మచ్చలు కలిగించునది బైపొలారిస్. మొక్కజొన్న ఆకులను ఎండించు టర్సికమ్ తెగులు ఎక్సెరోహైలమ్ వలన వచ్చును. ఇక్కడ కన్నును నమ్మవచ్చును. బీజములను నీటిలో మొలకెత్తించి చూచినచో సగము పని తీరును. పిరిక్యులేరియా విషయమున ఆ సుఖము లేదు.

1880 లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు సక్కార్డో డిజిటేరియా గడ్డిపైనున్న శిలీంధ్రమునకు పిరిక్యులేరియా గ్రీసియా అని పేరు స్థిరపరచెను. గ్రీసియా యనగా బూడిదవన్నె గలది. తరువాత కవారా 1892 లో వరిపై నున్నదానిని పిరిక్యులేరియా ఒరైజే అనెను. 1917 లో జపానులో నిసికాడో కొర్రమీదిదానికి సెటేరియే అని వేరు పేరు పెట్టెను. అనగా రూపములో భేదము లేకున్నను, ఏ మొక్కపై దొరికినదో ఆ మొక్క పేరును శిలీంధ్రమునకు తగిలించిరి. ఇది ఆనాటి పద్ధతి. ఒక దినుసు ఏ సంచిలో దొరికినదో ఆ సంచిని చూచి దాని పేరు చెప్పుట వంటిది.

ఇట్టి చిక్కునే కుంకుమ తెగుళ్ళలో 1894 లో స్వీడను దేశస్థుడు ఎరిక్సన్ ఎదుర్కొనెను. గోధుమ, ఓట్లు, రై పైరుల కాండములపై వచ్చు కుంకుమ తెగులు శిలీంధ్రము రూపమున ఒక్కటే. కాని గోధుమమీదిది ఓట్లను పట్టదు. అతడు వానిని జాతులుగా విడదీయక, ఒకే జాతిలోని ప్రత్యేక రూపములని చెప్పెను. ఆ ఏర్పాటు నేటికిని వాడుకలో నున్నది.

అగ్గి తెగులులో మాత్రము దశాబ్దముల తరబడి వివాదము సాగెను. ఒకరు రాగి మీదిదానిని వరిపై చల్లి తెగులు వచ్చినదనిరి, మరియొకరు రాలేదనిరి. ఇద్దరును అబద్ధమాడినవారు కారు. లేత మొలకలను తేమ నిండిన గదిలో ఉంచి లక్షల బీజములు చల్లినప్పుడు, పొలములో ఎన్నడును జరుగని సోకుడు కూడ జరుగును. సోకుట వేరు, పొలములో ఏటేటా ఆ పైరుపై సంసారము చేయుట వేరు.

రెండవ పరీక్ష సంయోగము. రెండు జీవులు కలిసి సంతానమును కనగలిగినచో వానిని ఒకే జాతిగా ఎంచుట జంతుశాస్త్రములో పాత సూత్రము. కాని అగ్గి తెగులు శిలీంధ్రము పొలములో లింగరహితముగా, బేరిపండు బీజములతోడనే వ్యాపించును. దాని లైంగిక దశను 1971 లో అమెరికాలో హెబర్ట్ ప్రయోగశాలలో మొదటిసారి రప్పించెను. అతడు వాడినవి డిజిటేరియానుండి తీసినవి. తగిన రెండు తంతుజాలములను ఎదురెదురుగా పెంచగా, అవి కలిసిన చోట పొడవు మెడ గల కూజాలవంటి నల్లని చిన్న ఫలనాంగములు పుట్టెను. ఈ దశకు 1977 లో మాగ్నపోర్తే గ్రీసియా అను పేరు వచ్చినది. ఒకే శిలీంధ్రమునకు లింగరహిత దశలో ఒక పేరు, లైంగిక దశలో వేరొక పేరు ఉంచుట ఆనాటి నామకరణ నియమములకు సమ్మతమే.

వరినుండి తీసినవానిలో పెక్కింటికి స్త్రీ శక్తి నశించినది. అందుచే వరివానిని వరివానితో కలిపినచో ఫలనాంగములు పుట్టుట అరుదు. రాగినుండి తీసినవి మాత్రము చక్కగా కలియును, వరివానితో కలిసియు సంతానము నిచ్చును. రూపములో భేదము లేదు, కొన్ని కలిసికొనుచున్నవి. ఇన్ని పేర్లెందులకని 1990 లో రాస్‌మన్, హోవర్డ్, వాలెంట్ అను వారు అన్నిటిని మొదటి పేరైన గ్రీసియాలో కలిపివేసిరి. అప్పటినుండి పండ్రెండేండ్లపాటు వరి అగ్గి తెగులు శిలీంధ్రము గ్రీసియాగానే చెలామణి అయ్యెను. ఆ కాలపు పుస్తకములను చదువు ఉపాధ్యాయులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

2002 లో కౌచ్, కోన్ అను ఇద్దరు ఈ ముడిని డి.ఎన్.ఏ. సహాయమున విప్పిరి. వారి పద్ధతిని కొంచెము నిదానముగా పరిశీలింతము. నేటి శిలీంధ్ర వర్గీకరణమంతయు దాదాపు ఈ తర్కముపైననే నడుచుచున్నది. వారు వేర్వేరు మొక్కలనుండి తీసిన శిలీంధ్రములలో ఆక్టిన్, బీటా ట్యూబ్యులిన్, కాల్‌మోడ్యులిన్ అను మూడు జన్యువుల భాగములను చదివి, ఒక్కొక్క జన్యువునకు ఒక్కొక్క వంశవృక్షమును గీచిరి.

ఒక్క జన్యువు చాలదా, మూడెందులకు? వియ్యములందుకొనుచు కలసియుండు ఒక ఊరి కుటుంబములను తలచుకొనుడు. ఒకరి ముక్కు తల్లివైపు తాతగారిది, కండ్లు తండ్రివైపు నాయనమ్మవి కావచ్చును. ముక్కునుబట్టి చుట్టరికము గీచినచో ఒక పటము, కండ్లనుబట్టి గీచినచో మరియొక పటము వచ్చును. ఆ రెండును ఏకీభవింపవు. ఏలనగా ప్రతి తరములోను లక్షణములు కలగాపులగమగుచున్నవి. కాని ఆ ఊరికిని, ఎన్నో తరములుగా రాకపోకలు వియ్యములు లేని దూరపు ఊరికిని మధ్య నున్న భేదము ఏ లక్షణమును తీసికొన్నను ఒకే విధముగా కనబడును. శిలీంధ్రములలోను అంతే. జన్యువుల వంశవృక్షములు ఎక్కడ ఒకదానితో ఒకటి పొసగవో, అక్కడ ఆ జీవులు ఇంకను కలియుచున్నవని అర్థము. ఎక్కడ అన్నియు ఒకే చోట చీలునో, అక్కడ కలయిక చాల కాలము క్రిందటనే ఆగినదని అర్థము. ఆ చీలికయే జాతికి ఎల్ల.

వారు చూచినది ఇది. మూడు వృక్షములును ఒకే చోట స్పష్టముగా రెండు పాయలుగా చీలినవి. ఒక పాయలో డిజిటేరియా గడ్డినుండి వచ్చినవి. రెండవ పాయలో వరి, కొర్ర మొదలగు పైరులనుండియు, మరి కొన్ని గడ్డులనుండియు వచ్చినవి. ఈ రెండు పాయల శిలీంధ్రములను ప్రయోగశాలలో కలిపి చూడగా సంతానము కలుగలేదు. రూపములో మాత్రము భేదమేమియు దొరకలేదు. కావున గ్రీసియా అను పేరు మొదట ఎవరికి పెట్టబడినదో ఆ డిజిటేరియా శిలీంధ్రమునకే మిగిలినది. వరి మొదలగువాని మీదిది ఒరైజే అయినది. 2005 లో ఈ శిలీంధ్రముయొక్క డి.ఎన్.ఏ. మొత్తము చదివి ప్రకటించినప్పుడు కూడ శీర్షికలో గ్రీసియా అనియే వ్రాసిరి. నిజమునకు అది ఒరైజే.

గట్టుమీది డిజిటేరియా వరికి అగ్గి తెగులును తెచ్చునను భయము దీనితో చాలవరకు తీరినది. కాని రెండవ పాయ సంగతి మిగిలినది. వరి, రాగి, కొర్ర, గోధుమ, రైగ్రాస్ అను పశువుల మేత గడ్డి – వీనినన్నిటిని పట్టునది ఒకే జాతియైనచో, వరినుండి రాగికి తెగులు పోవలెను గదా? పొలములలో సాధారణముగా అట్లు జరుగుట లేదు. మన దేశపు వరి, రాగి పైరులనుండి తీసిన శిలీంధ్రముల డి.ఎన్.ఏ.ను పోల్చి 2000 లో ప్రకటించిన పరిశీలనలోను ఆ రెండు గుంపులు వేరుగానే నిలిచినవి. ఒకే జాతిలో, ఒక్కొక్క పైరును ఆశ్రయించుకొని ఒక్కొక్క వంశము ఏర్పడియున్నది. ఎరిక్సన్ చెప్పిన ప్రత్యేక రూపముల వంటివే ఇవియును.

ఈ వంశముల నడుమ గోడ ఎంత పలుచనిదో 1995 లో బయటపడినది. వరి శిలీంధ్రములలో కొన్ని ఎరాగ్రాస్టిస్ అను గడ్డిని పట్టలేవు. కారణమేమన, వానిలో పి.డబ్ల్యు.ఎల్.2 అను ఒక జన్యువు కలదు. దాని వలన పుట్టు ప్రోటీనును ఆ గడ్డి గుర్తుపట్టి, వెంటనే రక్షణ ఏర్పాట్లు చేసికొనును. ఆ జన్యువు పోయిన శిలీంధ్రమును గడ్డి గుర్తింపలేదు, తలుపు తెరచినట్లే. ఒక్క జన్యువు పోవుటతో కొత్త ఆతిథేయి దొరకుచున్నదన్నమాట. ఏ మొక్కపై దొరికినదో చూచి జాతిని నిర్ణయించు పాత పద్ధతి ఎంత బలహీనమైనదో దీనినిబట్టి తెలియును.

గోధుమకు జరిగినదిదే. 1985 కు పూర్వము గోధుమకు అగ్గి తెగులు లేదు. ఆ సంవత్సరము బ్రెజిల్ దేశపు పరానా రాష్ట్రములో మొదటిసారి కనబడినది. తరువాత బొలీవియా, పరాగ్వే, అర్జెంటీనాలకు ప్రాకినది. 2017 లో జపాను శాస్త్రజ్ఞులు మొదలగువారు దీని పుట్టుకను వివరించిరి. చాల గోధుమ రకములలో ఆర్.డబ్ల్యు.టి.3 అను కావలి జన్యువు కలదు. అది రైగ్రాస్, ఓట్లమీది అగ్గి శిలీంధ్రములను గుర్తుపట్టి ఆపును. ఆ కావలి లేని అనహువాక్ అను గోధుమ రకము ఆ కాలమున బ్రెజిల్‌లో విరివిగా సాగయ్యెను. కావలి లేని చేలలో శిలీంధ్రము కాలూనినది. పిమ్మట తనను పట్టించు జన్యువును పోగొట్టుకొని, కావలి యున్న గోధుమలపైకి కూడ దండెత్తినది.

2016 ఫిబ్రవరిలో ఈ తెగులు బంగ్లాదేశ్‌లో ప్రత్యక్షమయ్యెను. కుష్టియా, మెహర్‌పూర్ మొదలగు ఎనిమిది జిల్లాలలో రమారమి 15,000 హెక్టార్ల గోధుమ దెబ్బతిన్నది. కంకులు పాలిపోయి తెల్లబారినవి. కొన్ని చేలలో గింజ చేతికి రాలేదు. ఆ చుట్టుప్రక్కల వరి పొలములలో వరి అగ్గి తెగులు ఎప్పటినుండియో యున్నది. కావున అందరికిని తోచిన సందేహము ఒక్కటే: వరి శిలీంధ్రము గోధుమపైకి దూకినదా? లేక సముద్రముల కావలినుండి వచ్చినదా? మొదటిది నిజమైనచో వరి పండు ప్రతి గోధుమ ప్రాంతమును ప్రమాదములో నున్నట్లే. సరిహద్దులో తనిఖీలవలన ఫలితము లేదు. తెగులు సోకిన ఆకులనుండి జన్యు పదార్థమును చదివి కొన్ని నెలలలోనే సమాధానము చెప్పిరి. బంగ్లాదేశ్ శిలీంధ్రము అచ్చటి వరి వంశమునకు చెందినది కాదు. దక్షిణ అమెరికా గోధుమ వంశమునకు అతి సమీపమైనది. సరిహద్దునకు ఇవతల పశ్చిమ బెంగాలులోని నదియా, ముర్షిదాబాద్ జిల్లాలలో 2017 నుండి కొంతకాలము గోధుమ సాగును నిలిపివేయించిరి. బంగ్లాదేశ్ 2017 లోనే బారి గోమ్ 33 అను తట్టుకొను రకమును విడుదల చేసినది.

అదే 2016 లో కొందరు గోధుమమీదిదానిని గ్రామినిస్-ట్రిటిసి అను వేరు జాతిగా ప్రకటించిరి. 2018 లో మరికొందరు పెక్కు శిలీంధ్రముల జన్యు సముదాయములను పోల్చి, వంశముల నడుమ జన్యువుల రాకపోకలు ఆగలేదనియు, ఒకే జాతి యనియు వాదించిరి. ఈ రెండవ వాదమే బలమైనదని నాకు తోచుచున్నది. పైన చెప్పిన వంశవృక్షముల పరీక్షలో జాతికుండవలసిన ఎల్ల ఇక్కడ కనబడుట లేదు.

పేరు విషయములో ఇంకొక చిన్న చిక్కు. 2011 లో మెల్‌బోర్న్‌లో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ ఒక శిలీంధ్రమునకు ఒకే పేరు ఉండవలెనని నిర్ణయించినది. మాగ్నపోర్తే ఉంచవలెనా, పిరిక్యులేరియా ఉంచవలెనా? మాగ్నపోర్తే అను పేరునకు మూలమైనది వరిలో కాండము కుళ్ళు కలిగించు వేరొక శిలీంధ్రము. దానికిని దీనికిని దగ్గరి చుట్టరికము లేదని తేలినది. కావున 2016 లో నిపుణుల సంఘము పిరిక్యులేరియా ఒరైజే అను పేరునే సిఫారసు చేసినది. కవారా పెట్టిన పేరు తిరిగి వచ్చినదన్నమాట.

జాతి ఒక్కటే యని ఒప్పుకొనుటలో ఒక భయము కూడ ఇమిడియున్నది. గోధుమ అగ్గి తెగులు 2018 లో ఆఫ్రికాలోని జాంబియాలోను కనబడినది. బంగ్లాదేశ్‌లోను, జాంబియాలోను నున్నవి ఒకే తల్లికి పుట్టిన నకళ్ళవంటివనియు, రెండు చోట్లకు వేర్వేరుగా చేరినవనియు 2023 లో ప్రకటించిన పరిశోధన తెలుపుచున్నది. అన్నియు ఒకే లింగరూపమునకు చెందినవి కావున తమలో తాము కలియలేవు. అందుచే వానిలో కొత్తదనము నెమ్మదిగా మాత్రమే పుట్టును. కాని ఆఫ్రికాలో రాగి పైరు ప్రాచీనమైనది, దాని అగ్గి శిలీంధ్రము సంతానశక్తి గలది. ప్రయోగశాలలో గోధుమ శిలీంధ్రమును ఆఫ్రికా రాగి శిలీంధ్రముతో కలుపగా ఫలనాంగములు పుట్టినవి. పొలములోను అట్లు జరిగినచో, మందులకు లొంగని లక్షణముగాని, కొత్త గోధుమ రకములను జయించు లక్షణముగాని ఒక్క తరములోనే చేరవచ్చును. అందుచేత ఇప్పుడు శాస్త్రజ్ఞులు గోధుమ చేలను మాత్రమే గాక, వాని ప్రక్కనున్న రాగి చేల ఆకులను కూడ సేకరించి పరీక్షింపవలసియున్నది.